సంధి చుట్ట

శ్రావణ శుద్ధ దశమి, గురువారం. పొద్దు పొడిచి నాలుగు గడియలైంది. రాత్రంతా కురిసిన వాన తెల్లవారుజామున వెలిసింది. ఆకాశం తోమిన కంచు పళ్లెంలా మెరుస్తోంది. తూర్పు గాలి ఆకు కదిలీ కదలనంతగా వీస్తోంది. వాన వెలిసిన ఉదయాన గాలిలో తేమ ఎక్కువగా ఉంటుంది. తేమ పట్టిన చుట్ట నిదానంగా కాలుతుంది. నిదానంగా కాలే చుట్ట, దాన్ని పరీక్షించేవాడికి ఆలోచించుకునే వ్యవధినిస్తుంది. ఆ కొద్దిపాటి వ్యవధే లేకపోయినట్టయితే తామ్రవతీ రాజ్యం ఆ వారంలోనే చేతులు మారి ఉండేది.

ఆ వేళకు తామ్రవతి కోటలో, నదివైపు వాకిలి దగ్గర, తలపాగా సర్దుకుంటూ ఒక యువకుడు నిలబడి ఉన్నాడు. కాపలావాళ్లకు అతడు చెప్పుకున్న పేరు గవరయ్య. ఆ తలపాగా కింద ముడిచి దాచిన జడ మాత్రం హంసలంక నూకాలుది. పై పెదవి మీది మీసం గుర్రపు తోక వెంట్రుకలతో అల్లి, గంజితో అంటించినది.

మెట్ల కింద ఆపిన పడవలో ఆమె తండ్రి సన్నాసయ్య గడకర్ర పట్టుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆయన తామ్రవతీ రాజుల ధూమపరీక్షకుడు. ఏ చేను ఆకో, ఏ ఎండలో ఆరిందో, ఎవరి చేతి చుట్టో ఒక్క దమ్ముతో చెప్పగల మనిషి.

“నాన్నా, నేనొచ్చేదాకా ఇక్కడే కూకో,” అంది నూకాలు.

“ఇక్కడే కూకో,” అన్నాడు సన్నాసయ్య.

పదమూడు రోజులుగా ఆయన మాటలన్నీ ఇలాంటివే. లెమ్మంటే లేస్తాడు, తినమంటే తింటాడు. ఎవరూ ఏమీ అనకపోతే ఎండలోనైనా వానలోనైనా అలాగే నిలబడిపోతాడు. వైద్యులు ముసలితనమన్నారు. ముసలితనం ఒక్క రాత్రిలో రాదు. అందుచేత నూకాలు కారణం వెతకసాగింది.

తామ్రవతికీ, కొండల ఆవలి శీతశైల రాజ్యానికీ పన్నెండేళ్లకొకసారి సంధిని పునరుద్ధరించుకునే ఆచారం ఉంది. ఇద్దరు రాజులూ, పంతొమ్మిదిమంది సామంతులూ ఒకే సభలో కూర్చుని, ఒకే నిప్పుతో ముట్టించిన చుట్టలను చివరికంటా కాలుస్తారు. మధ్యలో ఆర్పినవాడు సంధిని ఆర్పినట్టే లెక్క. ఆ చుట్టలకు ఆకు హంసలంక తూర్పు కొసన, వరద ఒండ్రు నిలిచే ఒక్క చాలులోని మొక్కలది. ఆ మొక్కల్లోనూ నడిమి మూడాకులే పనికివస్తాయి. పన్నెండేళ్లకు ఇరవై మూడు చుట్టలు తయారవుతాయి. ఇరవై నాలుగోది ఇంద్రుడు వచ్చి అడిగినా దొరకదు. తొలి చుట్ట పరీక్షకుడి హక్కు. దాన్ని అతడు ఇంటి దగ్గర తీరిగ్గా, పూర్తిగా కాల్చుకుంటాడు. రెండోది సంధి సభకు ముందు కొలువులో జరిగే పరీక్షకు. తక్కినవి సంధికి.

ఈసారి అందులో ఒక కొత్త వింత చేరింది. పూర్వం చుట్ట విడిపోకుండా నోట పెట్టుకునే కొసను లంకవాళ్లు గంజితో అంటించేవారు. శీతశైలం నుంచి రాయబారిగా వచ్చిన శీతలాచార్యుడు ఒక స్ఫటికపు భరిణె తెచ్చి, “ఆకు మీది, బంక మాది. ఇరు రాజ్యాలూ ఒకే చుట్టలో కలిసినట్టవుతుంది,” అన్నాడు. మాట తియ్యగా ఉంది గనుక రాజు ఒప్పుకున్నాడు. చుట్టలను ఆ బంకతో అంటించారు. ఆ సాయంకాలం సన్నాసయ్య తన హక్కు చుట్టను కొసదాకా కాల్చాడు. మర్నాటి ఉదయం కూతురు “ఏం నాన్నా?” అని పలకరిస్తే, “ఏం నాన్నా,” అన్నాడు.

ముప్పై ఏళ్లుగా మారనిది ఆకు. ఈ ఏడే మారినది బంక. అనుమానించడానికి అంత చాలు, నిరూపించడానికి చాలదు. ఆధారం చూపకుండా సంధి చుట్టకు వంక పెట్టిన పరీక్షకుడి నాలుక కోయిస్తారు. వంక పెట్టకపోతే ఇరవై ఒక్కమంది ప్రభువులు సన్నాసయ్య లాగే ఎవరు ఏది చెబితే అది చేసే బొమ్మలవుతారు. సంధి జరిగే ధూమమంటపంలోకి ఆడవాళ్లకు పరీక్షకులుగా ప్రవేశం లేదు. అందుకే ఆ మీసం.

ధూమమంటపానికి నలభై స్తంభాలు. ఒక్కొక్క స్తంభం మీదా పొగాకు మొక్క మొలక నుంచి పువ్వు దాకా రాతిలో ఎదిగి ఉంటుంది. తూర్పు గోడ నిండా జాలీ కిటికీలు. వాటిలోంచి వచ్చిన ఎండ నేల మీద వేయి బంగారు రేకులు పరిచింది. పడమటి వైపు నది మీదికి వేలాడే వసారా. నడుమ నెమలికంఠపు రంగు తివాచీ, దాని మీద ఏనుగుదంతపు పీట, పీట మీద గంధపు పెట్టె. ఆ పెట్టె వంక చూస్తూ సింహాసనం మీద రాజు రత్నశేఖరుడు. ఆయన కుడిపక్కన శీతలాచార్యుడు: పల్చటి మనిషి, తెల్లటి పట్టు, ముక్కుకు అడ్డంగా తడి వస్త్రం. తనకు పొగ పడదని ముందే మనవి చేసుకున్నాడు. రాజు వెనక యువరాజు అరిందముడు, కత్తిపిడి మీద చెయ్యి వేసుకుని.

నిప్పుల కుంపటి పట్టుకున్న ముసలి దాసి అంకమ్మ, నూకాలును ఎగాదిగా చూసింది.

“ఏటి బాబూ, సన్నాసయ్య మేనల్లుడివంట? ఆయనకి అప్పసెల్లెల్లు నేరని ఇన్నానే!”

“పెత్తల్లి కూతురు కొడుకుని, అమ్మా.”

“అలాగా! లంకోల్ల సుట్టరికాలు పొగనాగ. ఎటు గాలేస్తే అటు పోతాయి,” అని ముసిముసిగా నవ్వింది అంకమ్మ.

యువరాజు నవ్వలేదు. “గవరయ్యా, నీ వేళ్లకు పొగాకు మరక ఉంది. బాగానే ఉంది. పాదాలకు గోరింటాకు ఎందుకుంది?”

నూకాలు తల వంచి పాదాల వంక చూసుకుంది. “ఆషాఢం వెళ్లి పది రోజులే కదండీ, ప్రభూ. ఆకు తొక్కి మాగబెట్టేవాళ్లం ఆడా మగా అందరం పెట్టుకుంటాం. అరికాళ్లు పగలవు.”

“ప్రతిదానికీ జవాబుంది నీ దగ్గర,” అన్నాడు అరిందముడు. అది మెప్పుకోలు కాదని ఆమెకు తెలిసింది.

“పరీక్ష ప్రారంభించవచ్చును,” అన్నాడు శీతలాచార్యుడు.

“ప్రారంభించవచ్చును,” అన్నాడు రాజు.

“తండ్రిగారూ, ఇతడి సంగతి విచారించేదాకా ఆగుదాం.”

“విచారించేదాకా ఆగుదాం.”

“ప్రభూ, ముహూర్తం దాటితే అపచారం.”

“దాటితే అపచారం,” అన్నాడు రాజు, అదే స్వరంతో. కొలువు మర్యాదలు తెలియని నూకాలు, పెద్దవాళ్లు ఇలాగే మాట్లాడుకుంటారు కాబోలుననుకుంది. యువరాజు కనుబొమలు మాత్రం దగ్గరకొచ్చాయి.

ఆమె పెట్టె మూత తెరిచింది. ముఖమల్ మీద ఇరవై రెండు గుంటలున్నాయి. చుట్టలు ఇరవై ఒకటే.

“ఒకటి తక్కువుంది,” అంది.

“దేవుడికి సమర్పించాము,” అన్నాడు ఆచార్యుడు.

“ఏ దేవుడికి?” అని యువరాజు అడిగాడు.

“మా కొండదేవుడికి.” జవాబు రావడానికి ఒక ఊపిరి ఆలస్యమైంది.

నూకాలు మూడో వరసలోంచి ఒక చుట్ట తీసింది. మొదటిది చూపు. పైఆకు లేగదూడ వీపు రంగులో, ఒక్క పెద్ద ఈనె కూడా లేకుండా, నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. రెండోది చెయ్యి. చెవి దగ్గర పెట్టుకుని వేళ్లతో మెల్లగా నొక్కింది. చిటపటమనలేదు, మెత్తబడనూ లేదు. మూడోది ముట్టించకముందు వాసన. మాగిన ఆకు, తాటిబెల్లం, ఎక్కడో దూరాన ఎండుగడ్డి. అన్నీ తండ్రి చెప్పినట్టే. తరవాత నోటి కొసను మూసిన బంకను ముక్కు దగ్గర పెట్టుకుంది. వాసన లేదు. వేపబంకకు చేదు వాసన, తుమ్మబంకకు పచ్చిచెక్క వాసన ఉంటాయి. చెట్టు నుంచి కారినదానికి చెట్టు వాసన ఉండితీరాలి. దీని వాసనను ఎవరో పనిగట్టుకుని పోగొట్టారు. పోగొట్టిన అవసరం ఏమిటి?

చుట్టకు రెండుచోట్ల ఎర్ర పట్టునూలు కట్టి ఉంది. పరీక్షకుడు మొదటి నూలుదాకానే కాల్చాలి. రాజు పెదవి తాకే భాగాన్ని పరీక్షకుడి నిప్పు తాకరాదని శాసనం. మొదటి నూలు చేరాక అతడు ‘దోషం లేదు’ అని మూడుసార్లు పలికితే చుట్టలు సభకెక్కుతాయి. పలికిన మాటను వెనక్కు తీసుకునే వీలు లేదు.

అంకమ్మ కుంపటి చాచింది. నూకాలు చుట్టను మగవాళ్ల పద్ధతిలో, నిప్పు బయటికి ఉండేలా పట్టుకుని ముట్టించింది. మొదటి దమ్ముకు తాటిబెల్లపు తీపి నాలుక అంచుల మీద పాకింది. నాలుగో దమ్ముకు ఆ తీపి కింద నుంచి తొలకరి తడిసిన మట్టి లేచింది. పదో దమ్ముకు లవంగపు ఘాటు అంగిలిని తాకి, గొంతును నొప్పించకుండా దిగిపోయింది. నిప్పు ఎక్కడా వంకర పోకుండా చుట్టూ సమంగా నడుస్తోంది. బూడిద కొంగ రెక్కలా తెల్లగా, బొటనవేలంత నిలబడి రాలకుండా ఉంది. ఇంత చక్కని చుట్టను ఆమె పుట్టి బుద్ధెరిగి కాల్చలేదు. తండ్రి చేతుల మీదుగా వచ్చిన ఆఖరి పంట ఇదేనేమోనని తోచి కళ్లు చెమ్మగిల్లాయి.

నిప్పు మొదటి నూలును తాకింది.

“బాగున్నది కదా?” అన్నాడు శీతలాచార్యుడు, తడి వస్త్రం వెనక నుంచి, చాలా మృదువుగా.

“బాగుంది,” అంది నూకాలు.

“దోషం లేదు.”

“దోషం లేదు,” అంది నూకాలు.

సభలో హాయిగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు. నూకాలు మాత్రం చుట్టను పెదవికి దూరంగా జరిపింది. ఆ మాట తను అనాలనుకోలేదు. నిర్ణయం ఇంకా చెయ్యనేలేదు. ఎవరో తన గొంతు అరువు తీసుకుని మాట్లాడినట్టుంది.

“దోషం లేదు,” అన్నాడు ఆచార్యుడు మళ్లీ.

“దోషం లేదు.”

రెండుసార్లయింది. ‘ఏం నాన్నా’ అన్న తండ్రి గొంతు ఆమె చెవిలో మోగింది. బంక మీదుగా వచ్చిన పొగ కొసదాకా పీలిస్తే మనిషి బానిసవుతాడు. మూడోవంతు పీలిస్తే, పక్కవాడు అందించిన మాటను అప్పగించేంత మెత్తబడతాడు. కుట్ర అంతా ఆ మూడోవంతును నమ్ముకునే పన్నారు. ఈ సంగతి ఆమెకు అర్థమయ్యేసరికి ఆచార్యుడి పెదవులు మూడోసారి విచ్చుకుంటున్నాయి. నోరు మూసుకోవాలి. ఎలా మూసుకోవాలి?

ఆలోచన పూర్తికాకముందే చెయ్యి తన పని తాను చేసేసింది. హంసలంకలో ఆడవాళ్లు చుట్టను అడ్డపొగ పడతారు, అంటే నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పెదవులు బిగిస్తారు. నారు నాటేటప్పుడు గాలికి చుట్ట ఆరిపోకుండా ఎన్నడో మొదలైన అలవాటు అది. కష్టమొచ్చినా, భయమేసినా, పురిటినొప్పులొచ్చినా లంక ఆడది చేసే మొదటి పని అదే. మగవాళ్లు చచ్చినా చెయ్యరు. నూకాలు బూడిద దులిపి, చుట్టను గిర్రున తిప్పి, నిప్పు కొసను నోట్లోకి తోసి, పెదవులు బిగించింది.

“దోషం లేదు,” అన్నాడు ఆచార్యుడు.

నూకాలు నోట్లోంచి మాట రాలేదు. నోటినిండా నిప్పు ఉంది. చిన్నప్పటి నుంచి చేసినట్టే ఆమె ఊపిరిని చుట్టలోంచి బయటికి ఊదింది. మగవాళ్ల పద్ధతిలో బంక మీదుగా వచ్చే పొగ తిన్నగా నోట్లోకి పోతుంది. దాని రంగు ఎవరి కంటా పడదు. ఇప్పుడా పొగ బంక ఉన్న కొస నుంచి బయటికి, తూర్పు కిటికీల ఎండలోకి వచ్చింది. అది తెల్లగా లేదు. పసరు పచ్చగా ఉంది. పైకి లేవవలసింది పోయి, పాములా చుట్టలు చుట్టుకుంటూ నేల మీదికి జారింది.

మరుక్షణమే మీసం చుర్రుమంది.

“ఓలమ్మో! అడ్డపొగ!” అని అంకమ్మ కేకపెట్టింది. “మీసం రాలిపోనాది! గవరయ్యా లేదు, గాడిదగుడ్డూ లేదు. ఇది మా లంక గుంటర్రో!”

అరిందముడి కత్తి ఒరలోంచి బయటికొచ్చింది. శీతలాచార్యుడు లేచి నిలబడ్డాడు. “స్త్రీ! మారువేషం! పట్టుకోండి దీన్ని!”

“పట్టుకోండి దీన్ని,” అన్నాడు రాజు.

నూకాలు చుట్ట తీసి నేలకు కొట్టి, చెవులు రెండూ అరచేతులతో మూసుకుంది. “యువరాజా! నన్ను తరవాత నరుకుదురు గానీ, ముందు ఆ పొగ సూడండి! బంకలో ఉంది మందు. మా అయ్య దాన్ని కొసదాకా కాల్చి సిలకైపోనాడు. ఎవులేటంటే అదే అంతాడు, ఎవులేటి సెప్తే అదే సేత్తాడు!”

అరిందముడు పచ్చటి పొగను చూశాడు. పెట్టెలోని ఖాళీ గుంటను చూశాడు. తరవాత తండ్రిని చూశాడు. రాజుకు చుట్టలంటే ప్రాణమని, పెట్టె మూడు రోజులుగా ఆయన పడకగదిలోనే ఉన్నదని అతడికి తెలుసు.

“తండ్రిగారూ,” అన్నాడు, “ఒంటికాలి మీద నిలబడండి.”

పద్నాలుగు తరాల సింహాసనం మీద, కిరీటంతో సహా, రత్నశేఖర మహారాజు లేచి ఒంటికాలి మీద నిలబడ్డాడు.

సభలో ఎవరూ నవ్వలేదు.

“ఒకటి కాల్చిన కొండదేవుడెవరో తెలిసింది,” అన్నాడు అరిందముడు.

శీతలాచార్యుడు తడి వస్త్రం తీసి పారేశాడు. దాని వెనక ముక్కు లేదు. రెండు నల్లటి రంధ్రాలు మాత్రమే ఉన్నాయి. శీతశైలపు అసలు రాయబారిని కనుమదారిలో చంపి, అతడి పట్టుబట్టల్లో దూరిన కంకాళుడనే మాంత్రికుడు వాడు. “ఆలస్యంగా తెలిసింది, కుర్రవాడా,” అని నవ్వి రాజు చెవి దగ్గరికి వంగాడు. “నా కొడుకును చంపండి.”

“నా కొడుకును చంపండి,” అన్నాడు రాజు.

రాజాజ్ఞ రాజాజ్ఞే. నలభై స్తంభాల వెనక నుంచి నలభైమంది భటులు బల్లేలతో కదిలారు. నూకాలు గంధపు పెట్టెను చంకన పెట్టుకుంది. చుట్టలు లేనిదే సంధి సభ జరగదు. సభ జరగనంతకాలం తక్కినవాళ్లు క్షేమం. “పడమటి వసారా! కింద పడవుంది!” అని అరిచింది. అరిందముడు ఇద్దరు భటుల బల్లేలను తుంచి, ఒకడి డాలు లాక్కుని దారి చేశాడు. మూడోవాడు నూకాలు తలపాగా అందుకున్నాడు. తలపాగా వాడి చేతిలో మిగిలింది, జడ ఆమె వెంట పోయింది.

“నా కుంపటి దాటొత్తార్రా, రాండి సూద్దాం!” అంటూ అంకమ్మ నిప్పులన్నీ భటుల పాదాల మీదికి కుమ్మరించింది. కాలిన కాళ్లతో వాళ్లు గంతులేస్తున్న వ్యవధిలో ఇద్దరూ వసారా పిట్టగోడ ఎక్కి దూకారు.

పడవ ఊగింది. నది గాలికి నూకాలు తలలోని మత్తు వీడింది. సన్నాసయ్య కూర్చున్నచోటే కూర్చుని ఉన్నాడు.

“నాన్నా, గడ వెయ్యి! తొయ్యి!”

“తొయ్యి,” అన్నాడు ఆయన. ముప్పై ఏళ్ల కండ బిగుసుకుంది. పడవ ఒడ్డు విడిచి బాణంలా దూసుకుపోయింది. అరిందముడు పెట్టెను కాళ్ల నడుమ ఇరికించుకున్నాడు. నది నడిమికి ఇంకా పది బారలుంది.

అప్పుడు బురుజు మీది కాపలావాడు అరిచాడు. “పడవ ఆపు!”

సన్నాసయ్య గడను నేలలో దిగేసి పడవ ఆపాడు.

“తొయ్యి నాన్నా!”

తోశాడు.

“ఆపు! వెనక్కు తిప్పు!”

ఆపాడు, వెనక్కు తిప్పసాగాడు. బురుజు మీద ఇప్పుడు పదిమంది అరుస్తున్నారు. పదిమంది గొంతుల ముందు ఒక్క కూతురి గొంతు ఎంత? మొదటి బాణం పడవ అంచున నాటుకుంది.

“మీ తండ్రిని పడుకోబెట్టు, గడ నేను వేస్తాను,” అన్నాడు అరిందముడు.

“మీకు ఈ నది తెలీదు, బాబూ. సుడిలో పడితే ముగ్గురమూ పోతాం.”

నూకాలు మొలలో దోపుకున్న సొంత పొగాకు తీసింది. రెండాకులను వేళ్ల మధ్య నలిపి, ఉండలు చేసి, తండ్రి చెవులు రెంటిలోనూ గట్టిగా కుక్కింది. బురుజు మీది అరుపులు ఆయనకు అందలేదు. ఆమె మాట కూడా అందదు. అందుకని ఆయన వెనక నిలబడి, ఆయన చేతుల మీద తన చేతులు వేసి, గడను ఒక్కసారి తోసింది. ఆ చేతులకు గడ వేయడం నేర్పింది ఆయనే. రెండోసారి తోసేటప్పటికి ఆమె బలం అక్కరలేకపోయింది.

“ఎటు?” అన్నాడు అరిందముడు, డాలుతో బాణాలు కాచుకుంటూ.

“ఎగువకి, కొండల్లోకి. ఆ బంక కారిన సెట్టు కాడికి. ఏ నేల్లో ఇసం పుడితే ఆ నేల్లోనే ఇరుగుడు పుడతాదని మా అయ్య అనేవోడు.”

“నీ పేరేమిటి? అసలు పేరు.”

“నూకాలు.”

“గోరింటాకు సంగతి కూడా అబద్ధమేనా?”

“అదొక్కటే నిజం, బాబూ.”

వెనక ధూమమంటపపు వసారాలోంచి పచ్చటి పొగ బయటికి వచ్చింది. నది మీద అది రెక్కలు విప్పింది. ముక్కూ గోళ్లూ తొడుక్కుని, కొండంత డేగ అయి, పడవ మీదికి తన నీడను పంపింది.

ఆ నీడను వాళ్లు దాటారు, ఎగువ నేలలో విరుగుడూ దొరికింది. కానీ సన్నాసయ్యకు తన మాట తనకు తిరిగి రావడానికి నాలుగేళ్ల రెండు నెలలు పట్టింది. ఆశ్వయుజ బహుళ విదియనాడు, హంసలంక గట్టు మీద, కూతురు అందించిన చుట్టను చూసి, ఎవరూ చెప్పకుండా ఆయన అన్న తొలి మాట: “వద్దు.”